చెట్టుకు బదులు చెట్టు: కాంటన్ తీర్పు, ‘బలాయి’ కథ – ఒక తులనాత్మక విమర్శ

1. ప్రవేశం

ఇంటి ఆవరణలో ఒక పెద్ద వేపచెట్టు ఉందనుకుందాం. దాని వేర్లు ప్రహరీగోడను పగలదీస్తున్నాయి. స్థలం మనది, పట్టా మన పేరిటే ఉంది, పన్ను కడుతున్నది కూడా మనమే. అయినా ఆ చెట్టును కొట్టించాలంటే ముందుగా అధికారి అనుమతి తీసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ఈ మాటే చెబుతోంది. దీనినే మనం వాల్టా చట్టం అంటాం. కొన్ని జాతుల చెట్లకు మినహాయింపు ఉన్నా, సొంత స్థలంలోని చెట్టుకు కూడా అనుమతి అవసరమే. “నా స్థలంలో నా చెట్టును కొట్టడానికి ఇంకొకరి అనుమతి ఎందుకు?” అని యజమాని అడుగుతాడు. “ఆ చెట్టు నీడా, గాలీ నీ ఒక్కడివే కావు కదా” అని పాలకసంస్థ సమాధానం చెబుతుంది.

ఈ రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. అందుకే ఈ వివాదం ఒక పట్టాన తెగదు. ఈ భాగంలో దీనిని రెండు పాఠ్యాల ద్వారా పరిశీలిద్దాం. ఒకటి అమెరికాలో 2021లో వెలువడిన ఒక న్యాయస్థాన తీర్పు. రెండవది రవీంద్రనాథ్ టాగూర్ బెంగాలీలో రాసిన ‘బలాయి’ అనే కథ. ఒకటి చట్టానికి, మరొకటి సాహిత్యానికి సంబంధించినవి. అయినా ఒకే ప్రశ్న రెండింటిలోనూ ఉంది: ఎదిగిన చెట్టును కొట్టి, దాని బదులు మరొక మొక్క నాటితే లెక్క సరిపోతుందా?

2. కాంటన్ వివాదం

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డిట్రాయిట్ నగరానికి సమీపంలో కాంటన్ అనే ఊరుంది. తెలుగు కుటుంబాలు కూడా స్థిరపడిన ఊరు అది. అక్కడి పాలకసంస్థను టౌన్‌షిప్ అంటారు. మన పురపాలక సంఘంతో దీనిని పోల్చవచ్చు. ఆ టౌన్‌షిప్ 2006లో చెట్ల నియమావళిని తెచ్చింది. దాని ప్రకారం, ఛాతీ ఎత్తున కాండం అడ్డుకొలత 6 అంగుళాలు లేదా అంతకు మించి ఉన్న చెట్టును కొట్టడానికి అనుమతి కావాలి. 24 అంగుళాలు దాటితే దానిని విశిష్ట వృక్షంగా పరిగణిస్తారు. కొట్టిన ప్రతి విశిష్ట వృక్షానికి బదులుగా మూడు మొక్కలు నాటాలి. నాటలేకపోతే టౌన్‌షిప్ చెట్ల నిధికి డబ్బు చెల్లించాలి.

అక్కడ ఒక భూ అభివృద్ధి సంస్థకు కొంత ఖాళీ స్థలం ఉంది. ఆ స్థలంలోని నీటి కాలువ కూలిన చెట్లతో, చెత్తతో పూడిపోయింది. కాలువ కౌంటీ అధీనంలోనిదే అయినా కౌంటీ దానిని శుభ్రం చేయలేదు. చివరకు సంస్థే మనుషులను పెట్టి చెట్లు తీయించి, కాలువను బాగు చేయించింది. అనుమతి మాత్రం తీసుకోలేదు. టౌన్‌షిప్ అధికారులు వచ్చి లెక్క వేశారు. 14 విశిష్ట వృక్షాలు, 145 ఇతర చెట్లు పోయాయని తేల్చారు. వాటికి బదులు 187 మొక్కలు నాటాలని, లేదా 47,898 డాలర్లు చెల్లించాలని కోరారు. ఈ లెక్క ఎలా వచ్చిందో గమనించండి. 14ను మూడుతో గుణిస్తే 42. దానికి 145 కలిపితే 187.

సంస్థ ఫెడరల్ న్యాయస్థానానికి వెళ్లింది. అమెరికా రాజ్యాంగం ఐదవ సవరణ ప్రకారం, న్యాయమైన పరిహారం ఇవ్వకుండా ప్రభుత్వం ప్రైవేటు ఆస్తిని ప్రజావసరానికి తీసుకోరాదు. టౌన్‌షిప్ షరతు ఈ నియమానికి విరుద్ధమని సంస్థ వాదించింది. కింది న్యాయస్థానం సంస్థ పక్షాన తీర్పు ఇచ్చింది. 2021 అక్టోబరులో ఆరవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం దానిని సమర్థించింది.

3. తీర్పులోని తర్కం

ఈ తీర్పుకు ఆధారం అంతకుముందు అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన రెండు సూత్రాలు. మొదటిది 1987 నాటి నోలన్ కేసులోనిది. అనుమతి ఇస్తూ ప్రభుత్వం విధించే షరతుకు, ఆ పని వల్ల కలిగే నష్టానికి సంబంధం ఉండాలి. రెండవది 1994 నాటి డోలన్ కేసులోనిది. ఆరెగాన్ రాష్ట్రంలోని టైగార్డ్ నగరం, దుకాణాన్ని విస్తరించుకుంటామన్న యజమానిని కొంత భూమి ప్రజోపయోగానికి వదలమంది. సంబంధం ఉంటే చాలదు, షరతు బరువు నష్టానికి సుమారుగా సరితూగాలి అని సుప్రీంకోర్టు అక్కడ చెప్పింది. భూమి బదులు డబ్బు అడిగినా ఈ సూత్రాలే వర్తిస్తాయని 2013లో కూంట్జ్ కేసులో స్పష్టం చేసింది.

కాంటన్ షరతు రెండవ పరీక్షలో తప్పింది. ఈ స్థలంలో ఈ చెట్లు పోవడం వల్ల ఎంత నష్టం జరిగిందో టౌన్‌షిప్ విడిగా పరిశీలించలేదు. ముందే వేసి ఉంచిన పట్టిక తీసి అంకెలు గుణించింది. అది చాలదని న్యాయస్థానం చెప్పింది.

ఇక్కడ విద్యార్థులు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. ఈ తీర్పు చెట్ల రక్షణ నియమాలను కొట్టివేసిందని రాస్తారు. అది సరికాదు. చెట్లను కాపాడే అధికారం స్థానిక సంస్థలకు లేదని న్యాయస్థానం అనలేదు. ఈ స్థలానికి ఆ నియమావళిని అన్వయించిన తీరు చెల్లదని మాత్రమే చెప్పింది. యజమానిని షరతు పాటించమని కోరే ముందు, ఆ షరతుకు కారణం చూపాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని చెప్పడమే ఈ తీర్పు బలం.

మరి బలహీనత? కారణం చూపలేదని టౌన్‌షిప్‌ను తప్పుపట్టిన తీర్పు, చెట్టుకు చెట్టు బదులవుతుందా అన్న ప్రశ్నను మాత్రం అడగలేదు. టౌన్‌షిప్, సంస్థ, న్యాయస్థానం – ముగ్గురి మధ్యా వాదం నడిచింది ‘ఎన్ని’, ‘ఎంత’ అన్న మాటల మీదే. 24 అంగుళాల లావు రావడానికి చెట్టుకు దశాబ్దాలు పడుతుంది. ఆ కాలాన్ని నియమావళి ‘మూడు’ అనే అంకెగా మార్చింది. మూడు మొక్కలను ఒకచోట నాటినంత మాత్రాన వాటి కింద పదిమంది కూర్చునే నీడ రాదు. యజమానికి ఆ అంకె ఎక్కువ అనిపించింది, టౌన్‌షిప్‌కు సరిపోతుందనిపించింది. చెట్టు వయసు మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

4. ‘బలాయి’లో యజమాని

ఈ లోటును చూపించే పాఠ్యంగానే ‘బలాయి’ని ఇక్కడ తీసుకుంటున్నాం. టాగూర్ దీనిని 1928లో రాశారు. కథ చెప్పేది బలాయి చిన్నాన్న. తల్లి చనిపోయి, తండ్రి చదువు కోసం ఇంగ్లండు వెళ్లడంతో బలాయి పినతల్లి చేతుల్లో పెరుగుతాడు. చెట్లూ గడ్డిపరకలూ వాడికి మనుషులతో సమానం. తోట దారి నడిమధ్యలో ఒక బూరుగు మొక్క మొలుస్తుంది. బలాయి దానికి రోజూ నీళ్లు పోస్తాడు. చిన్నాన్న దానిని పీకించబోతే పినతల్లిని పట్టుకుని బతిమాలుతాడు.

అప్పుడు చిన్నాన్న ఏమంటాడో చూడండి. మంచి గులాబీ మొక్కలు తెప్పిస్తానంటాడు. బూరుగే కావాలంటే ఇంకో మొక్క తెప్పించి కంచె పక్కన నాటిస్తానంటాడు. కాంటన్ నియమావళి చెప్పిన మాట ఇదే. ‘దీన్ని తీసేద్దాం, బదులు ఇస్తాం.’ ఆయన క్రూరుడు కాడు. ఆయన ఇవ్వజూపినది తక్కువేమీ కాదు. కానీ పిల్లవాడు అడుగుతున్నది ఒక బూరుగు చెట్టును కాదు, ఈ బూరుగు చెట్టును.

కొన్నేళ్లకు తండ్రి తిరిగివచ్చి బలాయిని సిమ్లాకు తీసుకువెళతాడు. చెట్టు మరీ పెరిగిపోయిందని చిన్నాన్న దానిని కొట్టిస్తాడు. ఇంగ్లండు వెళ్లబోయే ముందు బలాయి ఆ చెట్టు ఫొటో పంపమని పినతల్లికి ఉత్తరం రాస్తాడు. చెట్టు లేదని తెలిసి ఆమె రెండు రోజులు అన్నం ముట్టదు, చాలా రోజులు భర్తతో మాట్లాడదు.

దారికి అడ్డుగా ఉన్న చెట్టును కొట్టడంలో తప్పేముందని ఎవరైనా అడగవచ్చు. టాగూర్ కూడా ఆ వాదాన్ని దాచలేదు. పైగా కథ చెప్పే అవకాశం యజమానికే ఇచ్చారు. అందువల్ల మనం మొదట ఆయన కారణాలను ఒప్పుకుంటాం, తర్వాత ఆయనతోపాటే సిగ్గుపడతాం. విమర్శ దృష్టితో చూస్తే కథ నిర్మాణంలో ముఖ్యమైన అంశం ఇదే.

5. రెండు పాఠ్యాలూ ఎదురెదురుగా

ఇప్పుడు ఒకదానితో మరొకదానిని ప్రశ్నిద్దాం. కథ తీర్పును ఇలా అడుగుతుంది: మీ తూకంలో ఈ చెట్టుతో పెనవేసుకున్న జీవితానికి చోటెక్కడ? తీర్పు కథను ఇలా అడుగుతుంది: ఆ ఇంట్లో పినతల్లి అభిప్రాయం ఎవరైనా అడిగారా?

రెండవ ప్రశ్నను మనం తేలికగా తీసుకోకూడదు. ఆ ఇంట్లో నిర్ణయం యజమాని ఒక్కడిదే. అనుమతి అనే అడ్డు ఒకటి ఉండి ఉంటే ఆయన కొన్ని రోజులు ఆగేవాడు. ఈలోగా ఉత్తరం అందేదేమో. అనుమతి నిబంధన అసలు విలువ ఇక్కడే ఉంది. మొక్కల సంఖ్యలోనో, రుసుములోనో కాదు, ఆగి ఆలోచించడానికి ఇచ్చే గడువులో ఉంది. నరికిన చెట్టు విషయంలో పొరపాటును సరిదిద్దుకునే అవకాశం ఉండదు కనుక, ఆ గడువు నరకడానికి ముందే దొరకాలి.

చట్టం చెట్టు వయసును అసలు చూడలేదా అంటే, ప్రయత్నం జరిగింది. పశ్చిమ బెంగాల్‌లో జెస్సోర్ రోడ్డు పక్కన రైల్వే వంతెనల కోసం 356 చెట్లను కొట్టాలన్న ప్రతిపాదనపై సుప్రీంకోర్టు నిపుణుల సంఘాన్ని నియమించింది. 2021లో వెలుగులోకి వచ్చిన ఆ సంఘం నివేదిక ఒక చెట్టు విలువను ఏడాదికి 74,500 రూపాయలుగా లెక్కించి, దానిని వయసుతో గుణించాలని సూచించింది. ఇదీ డబ్బు లెక్కే. కాని ఇందులో కాలానికి చోటు దొరికింది.

6. ముగింపు

కాంటన్ తీర్పును మన దేశానికి యథాతథంగా అన్వయించలేం. 1978లో 44వ సవరణ తర్వాత ఆస్తిహక్కు మనకు ప్రాథమిక హక్కు కాదు. 300ఎ అధికరణం కింద రాజ్యాంగపరమైన హక్కుగా మాత్రమే ఉంది. పైగా 51ఎ అధికరణం పర్యావరణ రక్షణను పౌరుల విధిగా చెబుతుంది. అయినా ఈ తీర్పు నుంచి మనం నేర్చుకోవలసింది ఉంది. అధికారి పట్టిక చూసి కాక, చెట్టు దగ్గరకు వెళ్లి చూసి నిర్ణయించాలి. కథ నుంచి నేర్చుకోవలసిందీ ఉంది. యజమాని గొడ్డలి తెప్పించే ముందు, ఆ చెట్టు ఇంకెవరిదైనా అవుతుందేమో ఇంట్లోనూ వీధిలోనూ అడగాలి. ఈ రెండూ జరిగాక కూడా కొన్ని చెట్లను కొట్టక తప్పదు. అప్పుడు మొక్కలు నాటడం మంచిదే. అయితే వాటితో లెక్క సరిపోయిందని మాత్రం అనుకోకూడదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. కాంటన్ టౌన్‌షిప్ 187 మొక్కలు అడగడానికి ఆధారమైన లెక్కను వివరించి, న్యాయస్థానం దానిని ఎందుకు ఒప్పుకోలేదో రాయండి.
2. ‘బలాయి’ కథను చిన్నాన్న నోట చెప్పించడం వల్ల కలిగిన ప్రయోజనం ఏమిటి?
3. మీ వీధిలో ఇటీవల కొట్టివేసిన లేదా కొట్టాలనుకుంటున్న ఒక పెద్ద చెట్టును తీసుకుని, యజమాని వాదనను, పొరుగువారి వాదనను ఒక్కొక్క పేరాలో రాసి, మీ అభిప్రాయాన్ని కారణాలతో చెప్పండి.