సాలిడ్ వుడ్ గిటారు: పేరు, నాదం, ధర

సంగీత వాద్యాల దుకాణాలలో నేడు తరచుగా వినవచ్చే మాట "సాలిడ్ వుడ్". గిటారుకు అంటించిన చీటీమీద ఈ మాట కనిపించినంతనే ధర పెరుగుతుంది. కూతురు కోరినదని గిటారు కొనబోయే తండ్రి, పాఠశాలకు ఒక వాద్యం సమకూర్చదలచిన ఉపాధ్యాయుడు ఆ మాట విని అదనపు సొమ్ము చెల్లించుటకు సిద్ధపడతారు. పంట అమ్మిన డబ్బులో ఒక భాగం ఇందుకు పోయేటప్పుడు ఆ మాటకు అర్థమేమి, అది చెప్పేదెంత, చెప్పక దాచేదెంత అని విచారించుట అవసరం.

నవీపేట, ఆర్మూరు ప్రాంతాల పాఠకులకు ఇటువంటి విచారణ కొత్తది కాదు. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్మును రైతు చేతితో విరిచి చూస్తాడు. తేమ నూటికి పది పాళ్ల దాకా దిగిన కొమ్ము లోహంవంటి ధ్వనితో ఖణేలున విరుగుతుంది. పచ్చి మిగిలిన కొమ్ము ఆ ధ్వని చేయదు. నవీపేట మేకల సంతలో కొనేవాడు అమ్మేవాని మాట విని సొమ్ము ఇవ్వడు. పళ్లు చూస్తాడు, నడుము పట్టి చూస్తాడు, ఎత్తి బరువు అంచనా కడతాడు. ఇదే పరీక్షాబుద్ధిని గిటారు విషయంలోను ఉపయోగించవలెను.

ధ్వని ఎక్కడిది?

గిటారు తీగ చాల సన్నము. అన్నిటికంటె పలుచని ఉక్కు తీగ మందం మిల్లీమీటరులో మూడోవంతుకు మించదు. అంత సన్నని తీగ ఎంత వేగంగా కంపించినా గాలిని పెద్దగా కదల్చలేదు. తీగ కంపనం గుర్రం ద్వారా పై పలకకు చేరుతుంది. ఆ పలక విశాలమైనది. అది కదలినప్పుడు గాలి కదలి శబ్దం మనకు వినిపిస్తుంది. కాబట్టి వాద్యంలో అసలైన గొంతు పై పలకయే. దీనిని ముఖపలక అందాము.

ఈ ముఖపలకకు రెండు గుణాలు కావలెను. అది తేలికగా ఉండవలెను. లేనిచో తీగకున్న కొద్దిపాటి శక్తి దానిని కదల్చలేదు. అది బిగువుగా కూడ ఉండవలెను. లేనిచో ఆరు తీగలు కలిసి లాగే సుమారు 70 కిలోల బరువుకు అది వంగిపోతుంది. ఈ రెండు గుణాలు ఒకేచోట దొరకుట అరుదు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క ఎంతో తేలిక, కాని మెత్తన. టేకు బిగువైనదే, కాని బరువు. చలిదేశాలలో పెరిగే స్ప్రూస్ అనే వృక్షం చెక్కలో రెండు గుణాలు కలిసి ఉన్నవి. అది ఘనపు మీటరుకు సుమారు 400 కిలోల బరువు మాత్రమే తూగుతుంది. ఐనను దాని నారవెంట శబ్దం సెకనుకు 5 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతుంది. ఈ వేగం ఉక్కులోని శబ్దవేగానికి దగ్గరది. నారకు అడ్డంగా మాత్రం వేగం చాల తక్కువ. చెక్కకు నిలువు గుణం ఒకటి, అడ్డం గుణం ఒకటి అని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. సాలిడ్ వుడ్ వివాదమంతయు దీనిమీదనే ఆధారపడి ఉన్నది.

మాటకు అర్థం

మానునుండి కోసిన పలకను యథాతథంగా వాడితే దానిని సాలిడ్ అంటారు. పలుచని పొరలను ఒకదాని నార మరొకదానికి అడ్డంగా వచ్చునట్లు జిగురుతో అతికితే అది పొరల చెక్క, అనగా ప్లైవుడ్. సాలిడ్ అనగా ఒకే ముక్క అనుకొనరాదు. ఉత్తమమైన గిటారులకు కూడ ఒక పలకను పుస్తకంవలె రెండుగా చీల్చి, తెరచి, నడుమ అతికి ముఖపలక చేస్తారు. నడిమి అతుకు లోపం కాదు.

పొరల చెక్కలో నడిమి పొర అడ్డంగా ఉంటుంది గనుక నిలువు బిగువు కొంత తగ్గి, అడ్డం బిగువు పెరుగుతుంది. జిగురు బరువు పెంచి కంపనాన్ని కొంత మింగుతుంది. పైగా చౌక వాద్యాలలో భద్రత కొరకు పలకను మందంగా చేస్తారు. పలక వంపును ఎదిరించే శక్తి మందం యొక్క ఘనాన్ని అనుసరిస్తుంది: మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు. అందుచేత చౌక గిటారు శబ్దం తరచుగా పొట్టిగా, మూసుకొనిపోయినట్లు వినిపిస్తుంది. ఇంతవరకు సాలిడ్ వుడ్ పక్షాన చెప్పేవారి మాట నిజమే.

ఐతే చీటీమీద ఉన్న మాటలను విడదీసి చదువవలెను. "సాలిడ్ టాప్" అంటే ముఖపలక మాత్రమే సాలిడ్; పక్కలు, వీపు సాధారణంగా పొరల చెక్క. "ఆల్ సాలిడ్" అంటే మూడును సాలిడ్. "స్ప్రూస్ టాప్" అని మాత్రమే ఉండి సాలిడ్ అనే మాట లేకపోతే అది పొరల చెక్కయే అనుకొనుట క్షేమం. ఎందుకనగా సాలిడ్ పలక వేసినవాడు ఆ సంగతి చెప్పక మానడు. యమహా సంస్థవారి ఎఫ్ 310 ముఖపలక స్ప్రూస్ పొరల చెక్క. 2016లో వెలువడిన ఎఫ్‌జి 800 ముఖపలక సాలిడ్ స్ప్రూస్, దాని వీపు, పక్కలు పొరల చెక్క. రెండును స్ప్రూస్ గిటారులే; తేడా ఒక్క మాటలో ఉన్నది.

బొబ్బిలి వీణ చెప్పే పాఠం

గిటారు మనకు పొరుగు వాద్యం కావచ్చును గాని ఈ ప్రశ్న పొరుగుది కాదు. బాసర సరస్వతి చేతి వీణను ఎరిగిన మనకు బొబ్బిలి వీణ సంగతి తెలియనిది కాదు. విజయనగరం జిల్లాలో బొబ్బిలికి సమీపాననున్న గొల్లపల్లిలో పనివారు పనస మానునుండి ఏకాండి వీణను తొలుస్తారు. కుండ, దండి, యాళి ముఖం అన్నియు ఒకే దుంగనుండి వస్తవి. ఐనను కుండను మూసే పై పలకను వేరుగా చేసి అమర్చవలసినదే. ఒకే మాను అని గర్వంగా చెప్పుకొనే వీణలో కూడ గాలిని కదల్చే భాగం వేరుగా ఎంచి, పలుచగా చిత్రిక పట్టినదే అన్నమాట.

చెక్క ఒక్కటే నాదాన్ని నిర్ణయించదని చెప్పుటకు కూడ వీణయే సాక్షి. విశాఖపట్నంలో బాల్యం గడపి చదువుకొన్న చంద్రశేఖర వెంకటరామన్ 1921లో వీణ, తంబురలను గూర్చి ఒక పరిశోధనా వ్యాసం ప్రకటించినాడు. తీగను ఏ బిందువువద్ద మీటితే ఆ బిందువువద్ద నిశ్చలంగా ఉండవలసిన అనుస్వరాలు వినిపించరాదని పాత సూత్రం. వీణలో అవి స్పష్టంగా వినిపిస్తవి. కారణం గుర్రంపై ఉన్న వంపు అని ఆయన చూపినాడు. తీగ ఆ వంపును తాకుచు విడుచుచు కంపిస్తుంది. చెక్క మారలేదు, తీగ ఆనే చోటు ఆకారం మారినందున నాదం మారినది.

ప్రయోగాల తీర్పు

ఇక ఖరీదైన వీపు చెక్క మాట. ఆధునిక గిటారు నిర్మాణానికి మూలపురుషుడని పేరొందిన స్పెయిన్ దేశస్థుడు ఆంటోనియో డి టోరెస్ 1862లో ఒక వింత గిటారు చేసినాడు. దాని ముఖపలక మంచి స్ప్రూస్. వీపు, పక్కలు కాగితపు అట్ట. ముఖపలకయే ప్రధానమని నిరూపించుటకే ఆయన ఈ పని చేసినాడు.

156 సంవత్సరాల తరువాత, 2018లో, ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ సంగతిని మరింత కట్టుదిట్టంగా పరీక్షించి ఫలితాలు ప్రకటించినారు. ఒకే నిపుణుడు ఒకే నమూనాపై ఆరు గిటారులు చేసినాడు. ముఖపలకలన్నియు స్ప్రూస్, వీపు, పక్కలు మాత్రం ఆరు రకాల చెక్కలు. వాటిలో అత్యంత ఖరీదైన బ్రెజిల్ రోజ్‌వుడ్ ఉన్నది, మన అడవుల ఇరుగుడు చేవ ఉన్నది, చౌకైన సపేలీ కూడ ఉన్నది. 52 మంది వాదకులు మసక వెలుతురులో, వెల్డింగు పనివారి నల్లకళ్లద్దాలు ధరించి వాయించినారు. చెక్క కంటికి కనబడనప్పుడు వారు ఆరింటికిని దాదాపు ఒకే విధంగా మార్కులు వేసినారు; ఒకదానినుండి మరొకదానిని నమ్మకంగా గుర్తించలేకపోయినారు.

ఈ ఫలితాన్ని మితిమీరి చెప్పరాదు. ముఖపలకను గూర్చి గాని, పొరల చెక్క వీపును గూర్చి గాని ఆ ప్రయోగం ఏమియు చెప్పలేదు. వీపు చెక్క జాతిపేరుకు చెల్లించే సొమ్ము నాదానికి కాక అందానికి, పేరుకు పోతున్నదని మాత్రం చెప్పినది. ఇరుగుడు జాతిని 2017లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో చేర్చవలసి వచ్చినది. 2019లో తయారైన వాద్యాలకు సడలింపు ఇచ్చినారు. తరుగుతున్న మానును అనవసరంగా కోయించుట కూడ ధరలో లెక్కించవలసిన ఖర్చే.

మన వాతావరణం

చెక్క ఎండితే ముడుచుకొంటుంది, తేమ పీలిస్తే ఉబ్బుతుంది. అదియు నారకు అడ్డంగానే ఎక్కువ. గిటారు తయారుచేసేవారు గాలిలో సాపేక్ష ఆర్ద్రత నూటికి 45 నుండి 55 వరకు ఉండవలెనని కోరుతారు. నిజామాబాదు జిల్లా వేసవి ఎండలో గాలి దీనికంటె ఎంతో పొడిగా, వానకాలంలో ఎంతో తేమగా ఉంటుంది. ఆల్ సాలిడ్ గిటారు ఈ మార్పులకు మూడు వైపుల నుండి గురి అవుతుంది. పెట్టెలో పెట్టి తేమను కనిపెట్టి చూడకపోతే పలక చీలుతుంది. పొరల చెక్కలో ఒక పొర కదలికను మరొక పొర అడ్డుకొంటుంది గనుక అది సుళువుగా చీలదు. నాదంలో లోపమని చెప్పిన అడ్డపు పొరయే ఇక్కడ గుణమైనది. దుకాణదారు సాధారణంగా చెప్పని సంగతి ఇదే.

కొనేవారు చూడవలసినవి

మొదట నాదరంధ్రం అంచు చూడవలెను. ముఖపలకపై గీతలు అంచున దిగువకు సాగితే సాలిడ్. పొరలు కనబడితే ప్లైవుడ్. అంచును రంగుతో గాని ప్లాస్టిక్‌తో గాని కప్పి ఉంటే కారణం అడుగవలెను.

తరువాత పన్నెండవ మెట్టు. అది తీగ పొడవులో సరిగా సగంవద్ద ఉన్నది. అక్కడ తీగను వేలితో తేలికగా తాకి మీటితే వచ్చే స్వరం, నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటే కావలెను. కాకపోతే గుర్రం స్థానం గాని, తీగ ఎత్తు గాని తప్పు. అక్కడే మెట్టుకు తీగకు మధ్య ఎడం కొలవవలెను. రెండు మూడు మిల్లీమీటర్లు మించితే పిల్లల వేళ్లు కోసుకొని అభ్యాసం మూలపడుతుంది. ఎంత మంచి చెక్కయు ఈ లోపాన్ని పూడ్చలేదు.

మెడ నిటారుగా ఉన్నదా, గుర్రం వెనుక పలక ఉబ్బినదా, గుర్రం అడుగున కాగితం దూరే సందు ఉన్నదా, మెట్ల కొనలు చేతికి గుచ్చుకొంటున్నవా చూడవలెను. గుచ్చుకొంటే మెడ చెక్క ఎండి ముడుచుకొన్నదన్నమాట. చివరకు ఒక్కొక్క మెట్టుపైన ప్రతి తీగను మీటి వినవలెను. ఒక్కచోట గరగరలాడినా సరిచేయించి గాని తీసుకొనరాదు.

తరగతిలో దీనికి తోడు ఒక ప్రయోగం చేయవచ్చును. వడ్రంగి చేత ఒకే పలకనుండి మూడు మిల్లీమీటర్ల మందం, రెండు సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవు గల రెండు బద్దలు కోయించవలెను: ఒకటి నారవెంట, మరొకటి నారకు అడ్డంగా. అదే కొలతకు ఒక ప్లైవుడ్ బద్ద. ఒక్కొక్కదానిని తూచి, రెండు కొనలు ఆనించి, నడుమ 200 గ్రాముల బరువు వ్రేలాడదీసి ఎంత వంగినదో కొలవవలెను. బరువును, వంపును పక్కపక్కన రాసి చూచిన విద్యార్థికి సాలిడ్ అన్న మాట అర్థం చీటీ కంటె బాగుగా తెలుస్తుంది.

నిర్ణయం

వీటన్నిటినిబట్టి మన ప్రాంతంలో నేర్చుకొనేవారికి ధరకు తగిన గిటారు ముఖపలక సాలిడ్‌గా, వీపు, పక్కలు పొరల చెక్కగా ఉన్నదే. సొమ్ము గాలిని కదల్చే చోట ఖర్చైనది, కదల్చనిచోట ఆదా ఐనది, వేసవికి తట్టుకొనే బలం మిగిలినది. అంత సొమ్ము లేనివారు పూర్తిగా పొరల చెక్క గిటారు కొని సిగ్గుపడనక్కరలేదు. 1966లో యమహావారు వెలువరించిన ఎఫ్‌జి 180 అటువంటిదే, దానిని నేటికిని వెదకి కొనేవారున్నారు. మిగిలిన డబ్బులో కొంత తీగలు, మెట్లు సరిచేయించుటకు ఖర్చు పెడితే చాలును. ఆల్ సాలిడ్ వాద్యం చేయి తిరిగినవారికి, తేమను కనిపెట్టుకొని ఉండగలవారికి తగినది. తొలి సంవత్సరం విద్యార్థికి అది భారమే. చీటీని చదవండి, అంచును చూడండి, పన్నెండవ మెట్టును వినండి. ఆ తరువాతనే సంచి విప్పండి.