డమరుకం మచ్చ కోసం రాత్రి నడక

అమెరికాలోని ఫీనిక్స్‌లో జూన్ నెల రాత్రి తొమ్మిది దాటినా ప్రహరీ గోడ మీద చెయ్యి వేస్తే ఇంకా వేడిగానే తగులుతుంది. బ్లాక్ విడో సాలీడును చూడాలంటే బయల్దేరాల్సింది ఆ వేళకే. పగలంతా గోడ పగుల్లో ముడుచుకుని ఉండే ఆడ సాలీడు చీకటి పడ్డాకే గూడు మధ్యకు దిగుతుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను సాలీడు కోసమే వెతికాను. గంటసేపు తిరిగినా ఒక్కటీ కనపడలేదు. వెంట వచ్చిన పాతకాపు నవ్వి, "దాన్ని వదిలేయండి, ముందు గూడు వెతకండి" అన్నాడు. ఈ విద్యలో నాకు దొరికిన మొదటి పాఠం అదే. అంతకన్నా పెద్ద పాఠం ఇప్పటికీ దొరకలేదు.

తోటలో మనం చూసే చక్రంలాంటి గూడు కాదిది. చిక్కుపడ్డ దారపు ఉండలా, ఓ పద్ధతీ పాడూ లేనట్టు కనిపిస్తుంది. టార్చిని ఎదురుగా కాక పక్కవాటుగా వేసి చూస్తే అసలు పద్ధతి బయటపడుతుంది. పైన ఓ మూల దాక్కునే చోటు, అక్కడినుంచి పల్చటి పందిరి, ఆ పందిరి నుంచి నేలకు నిటారుగా లాగి కట్టిన దారాలు. ఒక్కో దారం అడుగున జిగురు బొట్లు. నేల మీద పోతున్న కీచురాయి కాలు వాటికి తగిలిందా, దారం నేలనుంచి ఊడి, సాగిన రబ్బరులా పురుగును పైకి ఎత్తేస్తుంది. పిట్టలకు పెట్టే ఉచ్చుదీ ఇదే సూత్రం. ఆ తర్వాత సాలీడు తీరిగ్గా వచ్చి, వెనక్కి తిరిగి, దువ్వెనలాంటి వెంట్రుకలున్న వెనక కాళ్లతో జిగురు పట్టును దాని మీదకు విసురుతుంది. పురుగు కదలకుండా చుట్టేశాకే కాటు.

కొందరు గూడు బాగా కనపడాలని దాని మీద మొక్కజొన్న పిండి చల్లుతారు. ఫోటోకి బాగానే ఉంటుంది, కానీ పాపం దాని రాత్రి శ్రమంతా పాడవుతుంది. నాకు నచ్చదు. ఓ ఎండు గడ్డిపరకతో ఒక్క దారాన్ని కదిపితే చాలు. మామూలు ఇంటి సాలీడు దారం మెత్తగా వంగిపోతుంది. విడో దారం బిగువుగా ఉండి, తెగితే చిటుక్కుమంటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో గురిచూసే దుర్భిణీల అద్దాల్లో అడ్డగీతల కోసం ఈ సాలీడు దారాన్ని వాడారంటే ఊరికే కాదు.

గూడు దొరికితే మిగతాది సులువు. ఆడది తలకిందులుగా వేలాడుతుంది కనుక దాని పొట్ట ఆకాశం వైపు ఉంటుంది. శనగగింజంత నల్లటి నిగనిగల మధ్య డమరుకం ఆకారంలో ఎర్ర మచ్చ. కొన్నిట్లో ఆ డమరుకం నడుం దగ్గర విరిగి రెండు ముక్కలుగానూ ఉంటుంది. అందుకే మచ్చ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. చిన్నగా, గోధుమ రంగులో, తెల్ల చారలతో ఉండే మగదాన్ని కొత్తవాళ్లు వేరే జాతి అనుకుని వదిలేస్తారు. గుడ్ల సంచి కూడా మంచి ఆనవాలే. బ్లాక్ విడోది మీగడ రంగులో నున్నగా ఉంటుంది. 2003లో దక్షిణ కాలిఫోర్నియాలో బయటపడి ఇప్పుడు అక్కడి పెరళ్లలో పాతుకుపోయిన బ్రౌన్ విడోది మాత్రం బుల్లి ఉమ్మెత్తకాయే, ఒళ్లంతా ముళ్లు.

ఎడారిలో దీని ఇల్లు రాళ్ల కింద, ఎలుక బొరియల్లో. ఊళ్లో అయితే సిమెంటు దిమ్మెల సందులు, నీటి మీటరు పెట్టెలు, ఎవరూ కూర్చోని పెరటి కుర్చీల అడుగులు. ఎడారిలో దూరం దూరంగా బతికే ఈ సాలీళ్లు ఫీనిక్స్‌లో ఒకే గోడ వెంట గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. లాన్లకు పెట్టే నీళ్లు, వాటి వెంట వచ్చే పురుగులు, కావలసినన్ని సందులు. మనం కట్టుకున్న ఊరు వాటికి బాగా కలిసొచ్చింది.

ఇక ఆ పేరు. 'విడో' అంటే విధవ, మొగుణ్ణి తినేస్తుందని ఆ పేరు పెట్టారు. పారిపోవడానికి దారిలేని సీసాలో రెంటినీ పెట్టి చూసి చెప్పిన మాట అది. ఆస్ట్రేలియా రెడ్‌బ్యాక్ మగది తనంతట తానే ఆడదాని నోటికి పొట్ట అందించే మాట నిజమే. పశ్చిమ అమెరికా బ్లాక్ విడో సంగతి వేరు, ఇందులో మగది బతికి బయటపడటం మామూలే. కెనడాలో వాంకూవర్ దీవి ఒడ్డున, సముద్రం తెచ్చి పడేసిన దుంగల కింద ఈ సాలీళ్లను గమనించిన పరిశోధకులు ఇంకో ముచ్చట బయటపెట్టారు. మగది వచ్చీ రాగానే ఆడదాని గూడులో కొంత భాగం కత్తిరించి, ఉండచుట్టి, దాని మీద తన దారం చుట్టేస్తుంది. గూటి వాసనే మిగతా మగవాళ్లకు పిలుపు కాబట్టి, ఆ వాసన బయటికి పోకుండా కట్టుదిట్టం. పోటీకి వచ్చేవాళ్లు అలా తగ్గిపోతారని వాళ్లు పరీక్షించి తేల్చారు.

విషం మాటేమిటి? ఉంది, గట్టిదే. 1922లో ఆర్కన్సా విశ్వవిద్యాలయంలో కీటకశాస్త్రవేత్త బేర్గ్ కావాలనే కరిపించుకుని ఆసుపత్రి పాలయ్యాడు, కోలుకున్నాడు కూడా. కండరాలు పట్టేసి మెలితిప్పే నొప్పి అది. చనిపోవడం మాత్రం చాలా అరుదు. దాన్ని ఒంటికి నొక్కినప్పుడే ఎక్కువగా కరుస్తుంది, చెప్పులోనో తోటపని గ్లవ్‌లోనో దూరి ఉన్నప్పుడు.

ఆరిజోనాలో, కాలిఫోర్నియాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఒక్క మాట. బయట వదిలిన చెప్పులు దులిపి వేసుకోండి, కంటికి కనపడని సందులో చెయ్యి పెట్టకండి. పిల్లలు ఆడే చోట గూడుంటే తీసేయించండి, తప్పులేదు. దూరంగా పెరటి చివర ఉన్నదాని మీద మాత్రం మందు కొట్టే ముందు ఒక్క రాత్రి టార్చి పట్టుకుని వెళ్లి చూడండి. తిండి దొరికినంత కాలం అది ఇల్లు మారదు, మర్నాడు రాత్రి వెళ్లినా అదే మూల, అదే తలకిందుల వేలాడటం.