కార్డు ఆటలో ప్రాణుల సామర్థ్య రూపకల్పన: ఔచిత్య పరిశీలన

1. ఉపోద్ఘాతం:

రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించగా 1993లో విడుదలైన 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' కల్పనాప్రధానమైన కార్డు ఆట. ఇందులో ఆటగాళ్లు మాంత్రికులు. 'మానా' అనే శక్తిని వెచ్చించి మంత్రాలు ప్రయోగిస్తారు, ప్రాణులను రంగంలోకి దింపుతారు. ప్రాణి కార్డు మీద వెల, బలం, ఓర్పు అంకెల్లోనూ, ప్రత్యేక సామర్థ్యాలు మాటల్లోనూ ఉంటాయి. ఆ సామర్థ్యం ప్రాణి రంగంలోకి రాగానే ఫలించాలా, నిలిచి పోరాడినప్పుడే ఫలించాలా అన్నది ఈ ఆట రూపకల్పనలో ప్రధానమైన వివాదం.

2. రెండు నమూనాలు:

2009 నాటి 'బేన్‌స్లేయర్ ఏంజెల్', 2007 నాటి 'మల్‌డ్రిఫ్టర్' ఈ వివాదానికి ప్రసిద్ధ ఉదాహరణలు. రెండింటి వెల అయిదు మానాలే. మొదటిది 5/5 దేవదూత. ఎగురుతుంది, ముందుగా దెబ్బ తీస్తుంది, ఆ దెబ్బకు సమానమైన ఆయువును యజమానికి చేకూరుస్తుంది. దింపిన వెంటనే ప్రత్యర్థి దాన్ని తొలగిస్తే యజమానికి మిగిలేది శూన్యం. రెండవది 2/2 ప్రాణి. అదీ ఎగురుతుంది. రంగంలోకి రాగానే యజమానికి రెండు కార్డులు ఇస్తుంది. మరుక్షణంలో అది నశించినా ఆ లాభం చెక్కుచెదరదు.

3. వాదప్రతివాదాలు:

ప్రవేశఫలాన్ని సమర్థించే వాదానికి చారిత్రక ఆధారం ఉంది. తొలి కూర్పులోని 'స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్' ఒక్క మానాతో ప్రాణిని ఆట నుంచి బహిష్కరిస్తుంది. అయిదు మానాల 'సెర్రా ఏంజెల్' దానికి బలైతే, యజమానికి పరిహారంగా కొంత ఆయువు దక్కినా, వెచ్చించిన శక్తి వృథా అయినట్లే. ప్రవేశఫలం ఈ అసమానతను సరిదిద్దింది.

అయితే 2010లో వచ్చిన అయిదు టైటన్లలో ఈ చికిత్సే వికటించింది. ఆరు మానాల వెల, 6/6 దేహం, ప్రవేశంలోనూ ప్రతి దాడిలోనూ ఫలించే సామర్థ్యం వాటి సొత్తు. తొలగించినా ఒక ఫలం అప్పటికే దక్కి ఉంటుంది. తొలగించకపోతే దాడి దాడికీ ఫలం పెరుగుతుంది. 2020 నాటి 'ఉరో' వాడిన కార్డుల గుట్ట నుంచి కూడా తిరిగి రాగలదు. అదే ఏడాది స్టాండర్డ్ పోటీల్లో దాన్ని నిషేధించారు.

ఇటువంటి ప్రాణులను మంత్రదశలోనే అడ్డుకోవచ్చునన్నది ప్రతివాదం. కాని ఆ ఉపాయం ప్రధానంగా నీలం రంగు కార్డులకే పరిమితం. తక్కిన రంగులవారికి అది సమాధానం కాదు.

4. ఔచిత్య ప్రమాణం:

క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణంగా చెప్పిన ఔచిత్యాన్ని ఇక్కడ ప్రమాణంగా గ్రహించవచ్చు. ఏ అంగమైనా తన స్థానంలో, తన పరిమాణంలో ఉన్నప్పుడే శోభిస్తుంది. మల్‌డ్రిఫ్టర్ లాభం ముందే ఇస్తుంది కనుక దాని దేహం చిన్నది. దేవదూత దేహం పెద్దది కనుక దాని ఫలం అనిశ్చితం. రెండింటిలోనూ అంగాల మధ్య పొంతన ఉంది. టైటన్‌లో పెద్ద దేహమూ నిశ్చితఫలమూ ఒకేచోట చేరి ఆ పొంతన చెడింది.

5. ముగింపు:

• ప్రవేశఫలం స్వతహాగా దోషం కాదు. దేహపరిమాణంతో దానికి పొంతన లేకపోవడమే దోషం.
• ఆట ఇద్దరి మధ్య జరిగే సంవాదం. ప్రత్యర్థి ఇచ్చే సమాధానానికి విలువ లేకుండా చేసే సామర్థ్యం ఆ సంవాదాన్ని ఏకపాత్రాభినయంగా మారుస్తుంది.
• కనుక ప్రాణి సామర్థ్యాన్ని అంచనా వేసేటప్పుడు అది యజమానికి ఏమిస్తుందన్న ప్రశ్నతోపాటు, ప్రత్యర్థికి ఏమి మిగులుస్తుందన్న ప్రశ్నా వేయాలి.