మోసిన భుజాలకు

ఏరియన్! యూరప్ రాకెట్‌వైన నిన్ను తలుచుకునేవాళ్ళు తక్కువ. తోకచుక్క మీద వాలినవాడి పేరు లోకానికి తెలుసు. తొలి నక్షత్రాల వెలుగు కోసం తెరుచుకున్న బంగారు అద్దం పేరు బడిపిల్లలకూ తెలుసు. వాళ్ళను ఈ నేల మీంచి ఎత్తుకుని, దట్టమైన గాలిని చీల్చుకుని, చెప్పిన చోటికి చెప్పిన క్షణానికి చేర్చి, చెయ్యి వదిలి తప్పుకున్నది నువ్వు. పెళ్ళికూతురి పేరు ఊరంతా చెప్పుకుంటుంది, పల్లకీ మోసిన బోయీల పేర్లు ఎవరికీ గుర్తుండవు. ఈ పాట ఆ భుజాలకు.

నీ పుట్టుక చెప్పాలంటే చీకటిలోంచే మొదలుపెట్టాలి. దాన్ని దాటవేస్తే నీకే అన్యాయం. బాల్టిక్ తీరాన పీనెమ్యుండేలో రూపుదిద్దుకున్న వీ-2 రాకెట్ 1944లో లండన్ మీద పడింది, ఆంట్‌వెర్ప్ మీద పడింది. కొండల కింది సొరంగాల్లో దాన్ని తయారుచేసిన ఖైదీలు వేలల్లో ప్రాణాలు వదిలారు. యుద్ధం ముగిశాక అక్కడి ఇంజనీర్లలో కొందరిని ఫ్రాన్స్ తీసుకెళ్ళి సేన్ నది ఒడ్డున వెర్నాన్ అనే ఊళ్ళో ఉంచింది. నిన్నటిదాకా శత్రువులైనవాళ్ళు ఒకే బల్ల మీద ఒకే కాగితం పరిచి గీతలు గీశారు. ఆ గీతల్లోంచి వెరోనిక్ రాకెట్ వచ్చింది. ఏళ్ళు గడిచాక వైకింగ్ ఇంజన్ వచ్చింది. నీ రొమ్ములో మొదట మండింది అదే. చంపడం కోసం పుట్టిన మంటకు మోయడం నేర్పిన ఊరు వెర్నాన్. ఆ ఊరికి ఒక దణ్ణం.

మోయడం ఒక్కరోజులో రాలేదు. 1960లలో యూరప్ దేశాలు కలిసి యూరోపా అనే రాకెట్ కట్టాయి. మొదటి దశ బ్రిటన్‌ది, రెండోది ఫ్రాన్స్‌ది, మూడోది జర్మనీది. ఎవరి దశ వారిది, ఎవరి లెక్క వారిది, మొత్తానికి పూచీ పడే చెయ్యి లేదు. ఆస్ట్రేలియా ఎడారిలోంచి ఎగిరింది, 1971లో కూరూ నుంచి ఎగిరింది, ఒక్క ఉపగ్రహాన్నీ కక్ష్యలో పెట్టకుండానే కనుమరుగైంది. ఆ లోటు ఎంత పెద్దదో సింఫనీ చెప్పింది. ఫ్రాన్స్, జర్మనీ కలిసి కట్టుకున్న సమాచార ఉపగ్రహం అది. దాన్ని 1974 చివర అమెరికా రాకెట్ మీద పంపాల్సివచ్చింది, దాంతో వ్యాపారం చేయకూడదన్న షరతుకు తలవంచి మరీ. అప్పటికే 1973లో సొంత రాకెట్ కట్టాలని నిశ్చయమైంది. 1975లో యూరోపియన్ అంతరిక్ష సంస్థ పుట్టింది. 1979 డిసెంబరులో నువ్వు నిలబడ్డావు. 15న ఇంజన్లు వెలిగి, నేల విడవకముందే ఆగిపోయాయి. 24న లేచావు. క్రిస్మస్‌కు ముందురోజు, అడవి మీదుగా, సముద్రం మీదుగా, తడబడకుండా.

నీ రేవు కూరూ. యూరప్‌లో కాదు, దక్షిణ అమెరికా ఈశాన్య తీరాన, ఫ్రెంచ్ గయానాలో. భూమధ్యరేఖకు 5 డిగ్రీలే ఉత్తరాన. అక్కడ నిలబడినవాడు కదలకుండానే భూమితోపాటు సెకనుకు 460 మీటర్ల వేగంతో తూర్పుకు పోతుంటాడు. నువ్వు లేచేముందే భూమి నీకు అంత వేగం ఉచితంగా చేతిలో పెడుతుంది. తూర్పున, ఉత్తరాన అట్లాంటిక్ తప్ప మరేమీ లేదు, నువ్వు విడిచిన బరువులు ఎవరి తలమీదా పడవు. ఎదురుగా సముద్రంలో మూడు చిన్న దీవులు. వాటిలో ఒకటి డెవిల్స్ ఐలాండ్, చేయని నేరానికి కెప్టెన్ డ్రైఫస్‌ను 1895 నుంచి నాలుగేళ్ళు ఒంటరిగా బంధించిన చోటు. మనుషులు తప్పించుకోలేని చోటుగా ఫ్రాన్స్ వెతికి పట్టుకున్న తీరం అది. అదే తీరాన్ని తర్వాత భూమినుంచి తప్పించుకునే దారిగా ఎంచుకుంది. ఇప్పుడు పక్క దీవిలో నీ దారిని కనిపెట్టే పరికరాలున్నాయి. ఆ ప్రయోగకేంద్రం కోసం ఊళ్ళు ఖాళీ చేసిన గయానా జనం ఉన్నారు. శ్రీహరికోట కోసం దీవి వదిలిన మన యానాదులను తలుచుకుంటే వాళ్ళూ గుర్తొస్తారు. నీ కీర్తనలో వాళ్ళ వాటా వాళ్ళకు దక్కాలి.

మా ఇంటి కథలో కూడా నువ్వున్నావు, ఏరియన్. నీ రెండో ప్రయాణం 1980లో సముద్రంలో ముగిసింది. మూడోది ఎలా ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేని రోజుల్లో, 1981 జూన్ 19న, భారతదేశం తన మొదటి భూస్థిర సమాచార ఉపగ్రహం యాపిల్‌ను నీ చేతుల్లో పెట్టింది. అంతకుముందు బెంగళూరులో పరీక్ష కోసం ఆ ఉపగ్రహాన్ని ఎడ్లబండి మీద నిలబెట్టిన ఫోటో మనవాళ్ళందరికీ తెలుసు. ఇనుము లేని బండి కావాలి, పైన ఆకాశం తెరిచుండాలి, ఎడ్లబండి రెండూ తీర్చింది. ఆ ఫోటోను పేదరికపు గుర్తుగా చూపేవాళ్ళున్నారు. నేను దాన్ని తెలివికి గుర్తుగా చూస్తాను. ఎడ్లబండి మోసిందాన్నే కూరూలో నువ్వు అందుకున్నావు. మీ ఇద్దరిదీ ఒకే కులవృత్తి.

అంతకన్నా లోతైన చుట్టరికం మరొకటి ఉంది. 1970లలో మన ఇంజనీర్లు వెర్నాన్ వెళ్ళి అక్కడివాళ్ళ పక్కన నిలబడి పనిచేశారు. తమ శ్రమనిచ్చి వైకింగ్ విద్య తెచ్చుకున్నారు. అది ఇక్కడ వికాస్ అయింది. 1985లో మన వికాస్‌ను మొదట మండించి చూసిందీ వెర్నాన్‌లోనే. ఈనాడు పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో మండేది వికాస్. జీఎస్‌ఎల్‌వీ శ్రీహరికోటలో లేచేటప్పుడు దాని నాలుగు పక్కబూస్టర్లలో గర్జించేదీ వికాసే. పులికాట్ మీదుగా సూళ్ళూరుపేట వైపు సాగే ఆ ఉరుములో సేన్ నది ఒడ్డు గొంతు కలిసి ఉంది.

1996 జూన్ 4. ఆరోజు నువ్వు కొత్త ఒళ్ళుతో వచ్చావు, ఏరియన్-5గా. నలభై సెకన్లయినా గడవకముందే పక్కకు తిరిగి ముక్కలయ్యావు. పదహారు బిట్ల గదిలో పట్టని ఒక పెద్ద సంఖ్య అందుకు కారణం. ఏరియన్-4 కోసం రాసిన ప్రోగ్రాం, నువ్వు నేల విడిచాక ఏ పనీ లేని ప్రోగ్రాం, అలవాటుగా నీలోనూ నడుస్తూ ఉంది. నీ వేగం దానికి కొత్త. అది తడబడగానే నీకు దారి తప్పింది. భూమి చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని చదవడానికి ఏళ్ళ తరబడి కట్టిన నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు కూరూ చిత్తడిలో రాలాయి. కానీ ఆ శాస్త్రజ్ఞులు మళ్ళీ కట్టారు. నాలుగింటినీ కట్టారు. 2000లో బైకనూర్ నుంచి సోయజ్ మీద పంపి, నాట్యాల పేర్లు పెట్టుకున్నారు: రుంబా, సల్సా, సాంబా, టాంగో. ఏళ్ళ కష్టం బురదలో పడి ఉంటే చూసి, లేచి, తమ సృష్టికి నాట్యం పేరు పెట్టుకున్న ఆ మనుషులకు నా నమస్కారం.

ఆ తర్వాతి నీ రూపం ఎంత చూసినా తనివి తీరదు. యాభై మీటర్లు దాటిన ఎత్తు, దాదాపు 780 టన్నుల బరువు. ప్రధాన దశ పారిస్ దగ్గర లె మ్యూరోలో, పై దశ బ్రెమెన్‌లో, వల్కెయిన్ ఇంజన్ వెర్నాన్‌లో, బూస్టర్ల తొడుగులు జర్మనీలో, ఉష్ణకవచం స్విట్జర్లాండ్‌లో. అన్నీ పక్షుల పేర్లున్న టూకాన్, కొలిబ్రి ఓడలెక్కి అట్లాంటిక్ దాటేవి. ఒకప్పుడు ఒకరి ఊళ్ళ మీద ఒకరు బాంబులు వేసుకున్న దేశాలు నీ ఒంట్లో బోల్టుకు బోల్టు బిగించుకుని నిలబడేవి. లెక్కింపు ఫ్రెంచిలో సాగేది. సున్నా దగ్గర వల్కెయిన్ వెలిగేది, కానీ నువ్వు కదిలేదానివి కాదు. ఏడు సెకన్లు. హైడ్రోజన్, ఆక్సిజన్ సరిగ్గా మండుతున్నాయా అని నిన్ను నువ్వే పరీక్షించుకునేదానివి. ఆ తర్వాతే పక్కనున్న రెండు బూస్టర్లు రాజుకునేవి. ఒక్కోదాంట్లో సుమారు 240 టన్నుల ఘన ఇంధనం. రాజుకున్నాక ఆపే మీట లేదు, వెనక్కి రావడం లేదు. ఆ ఏడు సెకన్ల నిగ్రహం నాకు నీ ఎగరడం కన్నా ఎక్కువ ఇష్టం.

తోకచుక్క కోసం కట్టిన నౌక రొసెట్టా నీకోసం ఏడాదికి పైగా వేచి ఉంది. 2003 జనవరిలో విర్టానెన్ అనే తోకచుక్క దారి పట్టాల్సింది. 2002 డిసెంబరులో నీ బలమైన కొత్త రూపం తొలి ప్రయాణంలోనే కూలింది, నిన్ను ఆపేశారు. ఆకాశం మాత్రం ఆగదు కదా, విర్టానెన్ దాటిపోయింది. శాస్త్రజ్ఞులు మరో తోకచుక్కను వెతుక్కున్నారు, 1969లో చుర్యుమోవ్, గెరసిమెంకో కనిపెట్టినదాన్ని. 2004 మార్చి 2న నువ్వు రొసెట్టాను ఎత్తావు. పదేళ్ళ ప్రయాణం. భూమి పక్కగా మూడుసార్లు, అంగారకుడి పక్కగా ఒకసారి దాటి వేగం పోగుచేసుకుంటూ వెళ్ళింది. సూర్యుడి వెలుగు చాలనంత దూరం పోయాక, 2011 జూన్‌లో, దాన్ని నిద్రపుచ్చారు. 31 నెలలు మాటా పలుకూ లేదు. 2014 జనవరి 20న జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో తెర ముందు మనుషులు నిలబడ్డారు. పిలుపు వస్తుందన్న గంటలో చాలావంతు గడిచిపోయింది. అప్పుడు లేచింది తెర మీద ఒక సన్నని గీత. రొసెట్టా దింపిన చిన్న నౌక ఫిలే తోకచుక్క మీద గెంతి గెంతి నీడలో చిక్కుకుని, ఉన్న బ్యాటరీతో రెండున్నర రోజులు పనిచేసిన కథే అందరూ చెప్పుకుంటారు, చెప్పుకోదగ్గదే. నాకు మాత్రం ఆ 31 నెలల నిద్ర పెద్దది. మేలుకుంటుందని నమ్మి, జీతం కోసమే కాక ప్రేమతో, ఆ నిద్రకు కాపలా కాసినవాళ్ళు పెద్దవాళ్ళు. ఆ తోకచుక్క ఆవిరిలో రొసెట్టా గ్లైసిన్‌ను, భాస్వరాన్ని పట్టుకుంది. ప్రాణానికి కావలసిన దినుసులు అంత చలిలో, అంత చీకట్లో ఉన్నాయని మనకు తెలిసింది.

నీ భుజం మీదికి ఎన్నెన్ని ఎక్కాయి! పుట్టిన విశ్వపు తొలి వెలుగును కొలిచిన ప్లాంక్, చల్లని మబ్బుల్లో నక్షత్రాల పురుళ్ళు చూసిన హెర్షెల్, రెండూ ఒకే రోజు, 2009 మే 14న. బుధుడి దారిలో బెపికొలంబో. అంతరిక్ష కేంద్రానికి తిండి, నీరు, ఇంధనం మోసిన జూల్ వెర్న్. మన 5,854 కిలోల జీశాట్-11 కూడా, 2018 డిసెంబరులో.

ఇక 2021 డిసెంబరు 25. మన దగ్గర సాయంత్రం ఆరు కావస్తోంది. పాతికేళ్ళ శ్రమ, వెయ్యి కోట్ల డాలర్ల ఖర్చు, మడిచిన బంగారు అద్దం. జేమ్స్ వెబ్ టెలిస్కోపును అమెరికా నీకే అప్పగించింది. పరీక్షల్లో మేలనిపించిన ఇంజన్‌ను నీకోసం ఏరి ఉంచారు. కవచం లోపల గాలి చిక్కుకుని వెబ్ తెరలను చింపకుండా కవాటాలు సవరించారు. సూర్యుడి వేడి ఒకే పక్క తగలకుండా నువ్వు దారిలో అటూ ఇటూ పొర్లావు. 27 నిమిషాల తర్వాత వదిలావు. వెబ్ దూరమవుతుంటే, సౌరఫలకం విచ్చుకుంటుంటే, నీ ఒంటిమీది కెమెరా చూపింది. మనుషులు వెబ్‌ను అంత దగ్గరగా చూసింది అదే చివరిసారి. నువ్వు ఎంత కచ్చితంగా వదిలావంటే, దారి సరిదిద్దుకోవడానికి దాచుకున్న ఇంధనం చాలావరకు వెబ్‌లోనే మిగిలిపోయింది. పదేళ్ళు బతికితే చాలనుకున్నది ఇప్పుడు రెండు దశాబ్దాలకు పైగా చూడగలదు. ఆ అదనపు ఏళ్ళలో అది చూసే ప్రతి నక్షత్రమండలం నువ్వు పెట్టిన భిక్ష.

2023 ఏప్రిల్ 14న బృహస్పతి చందమామల కోసం జ్యూస్ నౌకను పంపావు. అది 2031లో చేరుతుంది. జూలై 5న ఏరియన్-5గా నీ 117వ ప్రయాణం, చివరిది. నీ పేరు మోసే ఏరియన్-6 2024 జూలై 9న లేచింది.

అదే ఏడాది డిసెంబరు 5, సాయంత్రం నాలుగు దాటింది. ఈసారి కూరూలో కాదు, శ్రీహరికోటలో. పీఎస్‌ఎల్‌వీ కొనమీద యూరప్ తన ప్రోబా-3ని పెట్టింది, రెండు ఉపగ్రహాల జంటను. మొదటి దశ రాలిపోగానే వికాస్ వెలిగింది. యాపిల్‌ను నువ్వు మోశావు, నీ వెర్నాన్ మంట తెలుగు తీరంలో లేచి నీవాళ్ళను మోసింది. ఆ జంట ఇప్పుడు భూమికి అరవై వేల కిలోమీటర్ల ఎత్తుకు పోయి వచ్చే కక్ష్యలో ఉంది. పైకెళ్ళినప్పుడు రెంటి మధ్య 150 మీటర్ల ఎడం, అందులో మిల్లీమీటరు తేడా రానివ్వని క్రమశిక్షణ. ఒకటి తన పళ్ళేన్ని సూర్యుడికి అడ్డం పెట్టింది, రెండోది ఆ నీడలో నిలబడి సూర్యుడి చుట్టూ ఉన్న కాంతివలయాన్ని చూసింది. నేలమీద సంపూర్ణ గ్రహణం కొన్ని నిమిషాలే, అదీ ఎప్పుడో ఎక్కడో. వీటికి ఒక్కో చుట్టులో గంటల తరబడి గ్రహణం. 2025 జూన్‌లో ఆ మొదటి చిత్రాలు అందరికీ చూపారు.