చంకన బిడ్డ, చేతిలో గిన్నె

భరతముని ఎనిమిది రసాలతో సరిపెట్టుకున్నాడు. శాంతాన్ని తర్వాతివాళ్లు తొమ్మిదోదిగా చేర్చారు. 14వ శతాబ్దంలో సాహిత్యదర్పణం రాసిన విశ్వనాథుడు ఇంకో అడుగు వేసి, వత్సలం కూడా రసమేనని తీర్మానించాడు. సంతానం ఆలంబనం. వాళ్ల చేష్టలు, చదువు, శౌర్యం ఉద్దీపనాలు. కౌగిలింత, ఒళ్లు నిమరడం, తల ముద్దాడడం, చూపు, పులకింత, ఆనందబాష్పాలు అనుభావాలు. బిడ్డకేమవుతుందోనన్న శంక, హర్షం, గర్వం మొదలైనవి సంచారులు, అంటే వచ్చిపోయే భావాలు. లోకమాతలు అధిదేవతలు. అంతా బాగుంది. కానీ ఈ జాబితా చదివినప్పుడల్లా నాకొక అనుమానం: ఆ మహానుభావుడు రెండేళ్ల పిల్లాడికి ఒక్క పూటైనా అన్నం తినిపించాడా?

భరతుడు లెక్కపెట్టిన 33 సంచారీభావాల్లో శ్రమ ఉంది. వత్సలం దగ్గరికొచ్చేసరికి విశ్వనాథుడు దాన్ని పేరుపెట్టి పిలవలేదు, ‘మొదలైనవి’లో కలిపేశాడు. నన్నడిగితే ఈ రసానికి ప్రాణమైన సంచారి అదే. శ్రమ తీసేసిన వాత్సల్యం క్యాలెండర్ మీద బొమ్మ. చూడముచ్చటగా ఉంటుంది, నెల మారగానే చింపేస్తాం.

హైదరాబాద్ బోరబండలో మా బాబాయి కూతురు ఉండే ఇంటికెళ్లి మెట్ల మీద కూర్చుంటే ఈ సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది. సైట్-3 వైపు ఎక్కుతున్నకొద్దీ సందులు నిటారుగా లేస్తాయి. మూడంతస్తుల ఇల్లు, అంతస్తుకు రెండు పోర్షన్లు. మా చెల్లికి నాలుగేళ్ల కూతురు, రెండేళ్ల కొడుకు. కూతురు అంగన్‌వాడీకి పోతుంది. భర్త సినిమాల్లో లైట్‌మన్. కాల్‌షీట్ ఉన్న రోజు చీకటితోనే ఫిల్మ్‌నగర్ వైపు బండి తీస్తాడు, ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు.

పదకొండు గంటలకు చిన్నోడి బువ్వ వేళ. స్టీలు గిన్నెలో వేళ్లతో మెత్తగా పిసికిన పప్పన్నం, మధ్యలో నెయ్యి. ఎడమ చంకన వాడు, అదే చేతి వేళ్ల మధ్య గిన్నె. కుడిచెయ్యి మాత్రం ఖాళీగా ఉండాలి. వాలుగా ఉన్న సందులో అలా నిలబడితే ఒళ్లు తనంతట తానే మూడు చోట్ల వంగుతుంది. తల ఒక పక్కకి, నడుము ఇంకో పక్కకి, మోకాలు మళ్లీ మొదటి పక్కకి. శిల్పులు త్రిభంగి అని పేరుపెట్టి దేవతలకు ఇచ్చిన భంగిమే ఇది. గుడి గోడ మీద దాన్ని చూసి లావణ్యం అని తల ఊపుతాం. ఇక్కడ ఆ వంపుకి కారణం చంకలో పదకొండు కిలోల బరువు, కాలి కింద వాలు. అయినా లావణ్యం ఒక పిసరు కూడా తగ్గలేదు. పైగా ఈ త్రిభంగి కదులుతుంది, కుక్క వస్తే పక్కకి తిరుగుతుంది, జారిన కొంగు పంటితో పట్టుకుంటుంది.

ముద్ద సంగతి చూడాలి. వాడు పెదాలు బిగించేశాడు. బతిమాలితే తెరవడు, బెదిరిస్తే అసలే తెరవడు. కాకిని చూపించింది, అది పాతబడింది. పక్కింటి మేకను చూపించింది, అదీ నిన్నటిదే. ఇంతలో దిగువన ఎంఎంటీఎస్ రైలు కూత వేసింది. వాడి కళ్లు పెద్దవై, నోరు దానంతటదే తెరుచుకుంది. ఆ తెరుచుకోవడానికి, మూసుకోవడానికి మధ్య ఉన్న సందు ఎంతో చెప్పలేను గానీ, ముద్ద లోపలికి వెళ్లిపోయింది. అద్భుతరసం నోరు తెరిపిస్తే వాత్సల్యం ముద్ద పెట్టేసింది! ఆ వేలి విసురులో తొందర లేదు, ఆలస్యం లేదు. సమం తప్పని మృదంగం వాయించే వేలికి ఉండే నిదానం అది. తర్వాతి నిమిషంలో వాడు సగం ఉమ్మేశాడు. ఆమె చెయ్యెత్తింది. వాడు కిలకిల నవ్వాడు. ఎత్తిన చెయ్యి వాడి గడ్డం తుడిచి కిందికి దిగింది. బీభత్సం, రౌద్రం, హాస్యం అన్నీ వచ్చి పోయాయి, స్థాయీభావం మాత్రం కదల్లేదు.

ఇదంతా రేపు మళ్లీ జరుగుతుంది. చూసేవాళ్లకు విసుగు పుట్టించే పునరుక్తిలా కనిపిస్తుంది. ఒక పల్లవిని పదిసార్లు పాడే గాయకుణ్ణి విసుక్కోం కదా, ప్రతిసారీ ఏ సంగతి కొత్తగా పడుతుందా అని చెవి నిక్కిస్తాం. రెండేళ్లవాడి తల్లి నిన్నటి సంగతి ఇవాళ వేస్తే చెల్లదు, వాడు ఒప్పుకోడు. అంత కఠినమైన రసికుడు సభల్లో కూడా దొరకడు.

ఈ శ్రమ విలువ తెలిసిన కవి మనకొకడున్నాడు. పోతన భాగవతం దశమస్కంధంలో యశోద కృష్ణుణ్ణి రోటికి కట్టే ఘట్టం అందరికీ తెలుసు. ఎంత తాడు తెచ్చినా రెండంగుళాలు తక్కువ. ఇంట్లో తాళ్లన్నీ ముడివేసినా అదే రెండంగుళాలు. భక్తులు ఆ రెండంగుళాల్లో వేదాంతం వెతుక్కుంటారు, వెతుక్కోనీండి. నాకు మాత్రం తల్లి అలసట కంటబడుతుంది. ఆమె అలసిపోవడం చూసి, జాలిపడి, బిడ్డ తనంతట తానే కట్టుబడ్డాడు. నోట్లో బ్రహ్మాండం చూపించినప్పుడు కూడా జరగనిది తల్లి చెమట చూశాక జరిగింది. వాత్సల్యానికి శ్రమే సంచారి అనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు అక్కర్లేదు.

బోరబండకు కూతవేటు దూరంలో ఉన్న సినిమా పరిశ్రమ ఈ పాఠం నేర్చుకోలేదు. మన తెరకు ఏడ్చే అమ్మ తెలుసు. 1993లో ‘మాతృదేవోభవ’ చూసి రుమాళ్లు తడవని ఇల్లు మా వీధిలో లేదు. చాకిరీకి రాజీనామా ఇచ్చే అమ్మ కూడా తెలుసు. దాసరి 1991లోనే శారద చేత ‘అమ్మ రాజీనామా’లో ఆ పని చేయించారు, అది సామాన్యమైన సాహసం కాదు. కానీ ఆ అమ్మ పిల్లలు ఎదిగిపోయినవాళ్లు. పదకొండు గంటలప్పుడు గిన్నె పట్టుకుని సందులో తిరిగే అమ్మ మన తెర మీద పాటలో రెండు షాట్లకు మించి నిలవదు. లైట్‌మన్ అయిన మా మరిదిని అడిగితే నవ్వాడు. “సెట్ల పిల్లోడు ఒక్క ముద్ద పెడ్తే తింటడు వదినా. డైరెక్టర్ కట్ అంటడు. లైట్లు బంద్ జేస్తం. మా ఇంట్ల కట్ అనెటోడు ఎవడున్నడు?” లైటు మోసే మనిషి చేసిన విమర్శ ఇది. దీనికి నేను కలపాల్సింది లేదు.

తల్లీబిడ్డల సంగతి అలా ఉంచితే, ఇక ఇద్దరు తల్లుల స్నేహం. పైపోర్షన్‌లో ఒంగోలు వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఉంది, దానికో రెండున్నరేళ్ల పాప. మావాళ్లది పాలమూరు యాస, ఆమెది కోస్తా యాస. ఇద్దరి మాటా కలిసి మెట్ల మీద కొత్త భాష ఒకటి పుట్టింది. ఇద్దరికీ అంగన్‌వాడీలో నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ వస్తుంది. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె కలిపిన పిండి. ఏడు నెలలు దాటి మూడేళ్లలోపు పిల్లలకిస్తారు. ఈమె జావ కాస్తుంది, ఆమె ఉండలు చుడుతుంది. పిల్లలు మాత్రం ఎదుటివాళ్లింట్లోదే తింటారు. అందుకని ఉండలు కిందికి దిగుతాయి, జావ పైకెక్కుతుంది, గిన్నె ఎన్నడూ ఖాళీగా తిరిగిపోదు.

వీళ్ల సంభాషణ ఒక అపురూపమైన రచన. ఏ వాక్యమూ పూర్తికాదు.

“ఆ చీర సంగతి చెప్తన్నా కదక్కా, రెండో ఉతుక్కే రంగు దిగింది, షాపుకెళ్లి నిలదీస్తే ఆయనేమో...”

“అరే అరే, బకెట్ల చెయ్యి పెట్టకురా! ఆఁ, ఏమన్నడు?”

“ఏమన్నాడంటే... ఉండు, పాప చెప్పు నోట్లో పెట్టుకుంది.”

అంతలో నల్లా వచ్చింది. రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు, చీర కోసం ఆగవు. “జర పోరన్ని చూస్కో చెల్లే” అంటూ బిందెలతో ఒకరు దిగారు, ఇద్దరు పిల్లల్నీ చెరో చంకన వేసుకుని ఒకరు ఎక్కారు. ఎదురింటి ఆపా పైపు పట్టుకుని నిలబడి, మధ్యలో తన బిందె పక్కకు జరిపి వీళ్ల బిందెకు చోటిచ్చింది. ఎవరూ థాంక్స్ చెప్పలేదు. చీర కథ మర్నాడు సరిగ్గా తెగిన చోటే అతుక్కుంది. ముందు జరిగింది గుర్తుచేయడం లేదు, ఎక్కడ ఆపామన్న తడుముకోవడం లేదు. తీరుబడిగా కాఫీ తాగుతూ చెప్పుకునే కబుర్లలో ఈ బిగువు ఉండదు. నిండు మాటల్ని ఎవరైనా వింటారు, తెగిన మాటను మూడు రోజులు చేతిలో పట్టుకుని ఉండడం స్నేహితురాలికే చేతనవుతుంది.

షికారు ఊసెత్తితే నాలుగు రోజుల ముందు నుంచే సందడి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితం కావడంతో వీళ్ల భూగోళం పెరిగింది. జూపార్కూ చూశారు, గోల్కొండా చూశారు. బస్సులో కండక్టర్ ఇచ్చే జీరో టికెట్ పిల్లలకు గొప్ప ఆస్తి. తలా ఒకటి దక్కకపోతే యుద్ధమే. కానీ చిన్నోడికి రైలే కావాలి. అందుకని ఈసారి ఎంఎంటీఎస్‌లో నెక్లెస్ రోడ్డుకి. 2003లో ఈ రైళ్లు మొదలైనప్పుడు వీళ్లిద్దరూ ఇంకా వాళ్ల వాళ్ల ఊళ్లలో చిన్నపిల్లలు.

సంచీలో నీళ్ల సీసా, బిస్కెట్లు, జత బట్టలు, తువ్వాలు, ప్లాస్టిక్ కవర్. భరత్‌నగర్, ఫతేనగర్, నేచర్ క్యూర్ హాస్పిటల్, బేగంపేట. ప్రతి స్టేషన్‌లోనూ చిన్నోడు దిగిపోదామన్నాడు. నెక్లెస్ రోడ్డులో దిగమంటే దిగనని ఏడ్చాడు.

హుస్సేన్‌సాగర్ కళ్లెదురుగా ఉంది. 1990లో తరలిస్తుండగా నీళ్లలో మునిగి, 1992లో లేచి నిలబడ్డ ఏకశిలా బుద్ధుడున్నాడు. మావాడు ఒక్కసారి చూసి “తాత తానం” అన్నాడు, అంతటితో బుద్ధుడి పని అయిపోయింది. ఆ పైన ఫుట్‌పాత్ పగుల్లో చీమల బారు కనబడింది. గొంతుక్కూర్చున్నాడు. పాప కూడా పక్కన చేరింది. పెద్దమ్మాయి చీమలకు బిస్కెట్ పొడి వేసింది. నేను సరస్సు దగ్గరికి పోదామని తొందరపడ్డాను. ఆ తల్లులిద్దరూ సంచులు కింద పెట్టేసి నిలబడ్డారు. పొద్దున్నుంచి ఒక్క క్షణం ఆగని కాళ్లు, ఇంత దూరం వచ్చింది దేనికో మరిచి, చీమల దగ్గర ఆగాయి. ఒకరి చెయ్యి నొప్పెడుతున్న నడుము మీదికి దానంతటదే పోయింది. విశ్వనాథుడి జాబితాలో ‘చూపు’ ఉంది నిజమే. కానీ ఆ చూపు బిడ్డ మొహం మీద లేదు, బిడ్డ చూస్తున్న దాని మీద ఉంది. ఆయన చెప్పిన అనుభావాలకు దీన్ని కూడా చేర్చాలని నా మనవి.

తిరుగు రైల్లో జనం కిటకిట. ముగ్గురు పిల్లలకూ కిటికీయే కావాలి. ఆ గోలలో మా చెల్లి గొంతు పెంచింది:

“ఇంతకీ ఆ చీరె వాపస్ తీస్కున్నడా లేదా, షాపాయన?”

“అదే చెప్తన్నా కదక్కా. ముందు కుదరదన్నాడు. నేను ఊరుకుంటానా? బిల్లు తీసి బల్ల మీద పెట్టి... అమ్మో, మీవాడు చెప్పు కిటికీలోంచి పడేశాడు!”