పేటలోకొచ్చిన 'రాత్రి'

రాంగోపాల్‌వర్మ 'రాత్రి' 1992లో వచ్చింది. 'శివ' మీద పేజీలు నింపిన విమర్శకులు దీన్ని పక్కన పెట్టేశారు. శ్రీకాకుళం జిల్లాలో మా పేటోళ్లం దీన్ని హాల్లో చూళ్లేదు. ఇంటికింత చందాలేసుకుని, వొక రాత్రికి టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి నడివీధిలో చూశాం. కేసెట్ అరిగిపోయి బొమ్మ వణికేది. "ఏటర్రా ఇది!" అంటూనే మా అమ్మ కదల్లేదు.

వర్మ దెయ్యాన్ని చూపించడు, కెమెరానే దెయ్యంలా నడిపిస్తాడు. రేవతిది జబ్బా, పూనకమా అన్నది చాలాసేపు తేల్చడు. సినిమా బలమంతా అక్కడే వుంది. తేల్చాక మాత్రం డాక్టరు చేతులెత్తేస్తాడు, ఓంపురి వేసిన మంత్రగాడి మాట నెగ్గుతుంది.

ఉద్యోగస్తుల ఇంట్లో పిల్లకి పూనితే అందరికీ జాలి. దోషి ఎవరంటే ఎప్పుడో చచ్చిపోయిన మనిషి. మా వైపు అలా కాదు. పిల్లాడికి జొరమొస్తే బతికున్న మనిషిని వెతుకుతారు. చిల్లంగి పెట్టారన్న అనుమానంతో శ్రీకాకుళం, విజయనగరం గిరిజన గూడేల్లో మనుషుల్ని చంపేశారు. ఆ మంత్రగాడి గెలుపు మేడలో వినోదమే కావచ్చు, పేటలో అది సాక్ష్యమైపోతుంది.

కేసెట్ తెల్లారే వెనక్కిచ్చేశాం. తర్వాత చాన్నాళ్లు మా వీధి చివర వొంటరి ముసలమ్మ గుమ్మం ముందునించి పిల్లల్ని నడవనివ్వలేదు. వద్దన్నవాళ్లలో మా అమ్మా వుంది.