వరస కట్టినామె

కృష్ణశాస్త్రిగారి ‘జయజయజయ ప్రియభారత’ వినపడని ఆగస్టు పదిహేను మా నందిగామ, జగ్గయ్యపేట బడుల్లో నాకు గుర్తు లేదు. పాట ఎవరు రాశారని అడిగితే పదో తరగతి పిల్ల తడుముకోకుండా చెబుతుంది. వరస ఎవరు కట్టారని అడగండి. పిల్లలే కాదు, పాట నేర్పిన టీచరు కూడా మన ముఖం వంక చూస్తుంది. అసలు అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందనే మనకు తట్టదు. పాట అంటే మాటలు, మాటలంటే కవి. వరస మాత్రం ఏదో గాలిలోంచి వచ్చి వాలినట్టు ఊరుకుంటాం.

ఆ వరస కట్టింది వింజమూరి అనసూయ. 1920లో కాకినాడలో పుట్టి, 2019లో అమెరికాలోని హ్యూస్టన్‌లో కన్నుమూసిన అనసూయను మనం ‘జానపద గాయని’ అని రాసుకుంటున్నాం. ఆమె గొప్పగా పాడింది, నిజమే. కానీ ఆమె స్వరకర్త. వరస కట్టడం కూడా రచనే. ఆ రచన స్త్రీ చేసినప్పుడు దాన్ని పాడటమనో, సేకరించడమనో పిలిచి పక్కన పెడుతున్నామన్నది నా ఫిర్యాదు.

ఆ గీతాన్ని ఒకసారి కాగితం మీద చదివి చూడండి. సంస్కృత సమాసాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటుంది. తెలుగు వాచకంలో అలాంటి పద్యం వస్తే మా పిల్లలు ప్రతిపదార్థం దగ్గరే చతికిలబడతారు. అదే గీతాన్ని అర్థం తెలియని ఆరో తరగతి పిల్లలు, ఇంట్లో ఉర్దూనో లంబాడీనో మాట్లాడే పిల్లలు కూడా తడబడకుండా పాడేస్తారు. సమాసం ఎక్కడ విరగాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ అక్షరం మీద సాగాలో వాళ్లకు చెబుతున్నది వరసే. ఏ శిక్షణా లేని గొంతులు యాభై కలిసి పాడినా చెడిపోని నడక అది. కచేరీ గమకాలు దట్టించి ఉంటే అది విద్వాంసుల పాటయ్యేది, బడి పాట అయ్యేది కాదు. కవి భాషను పిల్లల నోటికి అందేలా చేసిన ఈ పనిని రచన అనకపోతే ఏమనాలి?

అనసూయ తల్లి వింజమూరి వెంకటరత్నమ్మ ‘అనసూయ’ పేరుతోనే స్త్రీల పత్రిక నడిపిన సంపాదకురాలు. చెల్లెలు సీత మరో సంగీతకర్త. అక్కచెల్లెళ్లిద్దరూ సభల్లో, రేడియోలో భావకవుల గీతాలు పాడారు, పల్లెపాటలు పాడారు. భావకవిత్వం చదువుకున్నవాళ్ల పుస్తకాల్లోంచి బయటికొచ్చి జనం నోట్లో పడటంలో పాటకున్న పాత్ర పెద్దది. ఆ కవిత్వాన్ని గురించి మనకు విమర్శ గ్రంథాలున్నాయి, సిద్ధాంత వ్యాసాలున్నాయి. వాటిలో ఛందస్సు గురించి అధ్యాయాలుంటాయి, ఆంగ్ల కవుల ప్రభావం గురించి ఉంటాయి. ఆ కవితల్ని పాటలు చేసిన ఆడవాళ్ల గురించి వెతికితే దొరికేది ఒక వాక్యం. అందులోనూ మొదట వచ్చే మాట ‘కృష్ణశాస్త్రి మేనకోడళ్లు’.

మన భాషలో ‘వరస’కు రెండర్థాలు. పాట నడిచే తీరూ వరసే, చుట్టరికమూ వరసే. అనసూయ విషయంలో ఆమె కట్టిన వరస మరుగున పడి, ఆమె ఎవరికి ఏమవుతుందన్న వరస మిగిలింది.

ఇది మతిమరుపు వల్ల జరిగింది కాదు. మన సంగీతంలో కర్త పేరు నిలబెట్టుకునే పద్ధతి ఒకటుంది. మాటా, వరసా తనే కట్టిన వాగ్గేయకారుడు చివరి చరణంలో తన ముద్ర వేస్తాడు. త్యాగరాజు కీర్తన ఎవరు పాడినా త్యాగరాజు పేరు పలకక తప్పదు. తరిగొండ వెంగమాంబ తన రచనల్లో తరిగొండ పేరు పొదిగి ఆ హక్కును చేజిక్కించుకుంది. పేరు పాటలోనే ఉంటే ఎవరూ తీసేయలేరు. కవి రాసిన గీతానికి వరస మాత్రమే కట్టినవాళ్లకు ముద్ర లేదు. పొలంలో పాట అల్లినవాళ్లకు అసలే లేదు.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930-2016) డెబ్బైరెండు మేళకర్తల్లోనూ కృతులు రచించారు. మహతి, లవంగి వంటి కొత్త రాగాలు సృష్టించానన్నారు. ఆ మాట మీద విద్వాంసులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. నాలుగు స్వరాలతో రాగం అవుతుందా, సృష్టి అనొచ్చా అని. ఆ వాదనలో ఎవరిది ఒప్పన్నది నాకు ముఖ్యం కాదు. ఒక మగవాడి స్వరరచన మీద ‘ఇది సృష్టేనా’ అని వాదించుకునేంత గౌరవం దక్కిందన్నదే ముఖ్యం. అనసూయ వరసల మీద అలాంటి తగాదా కూడా పడలేదు. బాలమురళి తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు. కొడుకు పసివాడుగా ఉండగానే చనిపోయారు. ఆయన జీవితచరిత్రల్లో ఆమె మొదటి పేజీలో వచ్చి మొదటి పేజీలోనే వెళ్లిపోతుంది. ఆ వీణ మీద ఏం పలికిందో అడిగేవాళ్లు లేరు.

చట్టం సంగతి ఇంకా విచిత్రం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సంగీత రచన అంటే రాతలోనో అచ్చులోనో ఉన్నది. నోటితో కట్టి, నోటితో నేర్పి, నోటితోనే నిలబెట్టిన వరస ఆ నిర్వచనంలోకి రాదు. స్వరాలు రాసినా రాయకపోయినా సంగీతం కూర్చినవాళ్లు స్వరకర్తలేనని ఒప్పుకోవడానికి 1994 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. స్వరం రాసే చదువు ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నది తెలిసినవాళ్లకు ఆ ముప్పై ఏడేళ్ల అర్థం వేరే చెప్పక్కర్లేదు. పేరు తెరమీద పడే సినిమాలోనైనా లెక్క మారలేదు. ‘చక్రపాణి’ (1954)కి భానుమతి, సావిత్రి దర్శకత్వంలో వచ్చిన ‘చిన్నారి పాపలు’ (1968)కి పి.లీల, తొంభైల్లో ఎం.ఎం.శ్రీలేఖ... వేళ్లు మడవటం మొదలుపెట్టగానే ఆగిపోతాం.

ఈ జబ్బు మనకొక్కళ్లకే లేదు. ఇంగ్లండులో వాన్ విలియమ్స్ (1872-1958) అని పెద్ద స్వరకర్త. తొమ్మిది సింఫనీలు రాశాడు. 1903 నుంచి ఊళ్లు తిరిగి, కూలీలు, జాలరులు పాడే పాటలు ఎనిమిది వందలకు పైగా సేకరించాడు. వాటిని తన వాద్యరచనల్లో వాడుకున్నాడు. అయినా ఆయన్ని ‘జానపద గాయకుడు’ అని గానీ, ‘సేకర్త’ అని గానీ ఎవరూ సరిపెట్టలేదు. స్వరకర్త అన్నారు, సరిగ్గానే అన్నారు. 1906లో ఆయన సంగీత సంపాదకుడిగా ఒక ప్రార్థన గీతాల సంపుటం వచ్చింది. ఆ సంపుటాల్లో ప్రతి వరసకూ ఒక పేరు పెట్టే ఆచారం ఉంది. ససెక్స్ ప్రాంతంలో హారియట్ వెరల్ అనే శ్రామిక స్త్రీ పాడగా విని రాసుకున్న ఒక వరసను ఆయన అందులో చేర్చి, ‘మాంక్స్ గేట్’ అని పేరు పెట్టాడు. అది ఆమె ఉన్న ఊరి పేరు. ఊరు చరిత్రకెక్కింది, ఆమె ఎక్కలేదు. ఆమె పేరు ఇవాళ మనకు తెలిసిందంటే, ఆయన తన సేకరణలో ఎవరు పాడారో రాసుకోవడం వల్లే. నోటుబుక్కులో ఉన్న పేరు అచ్చులోకి వచ్చేసరికి జారిపోయింది.

అదే దేశంలో ఇమోజెన్ హోల్స్ట్ (1907-1984) ఉంది. స్వరకర్త, సంగీత బోధకురాలు. 1950-51లో శాంతినికేతన్ వచ్చి మన సంగీతం నేర్చుకుంది, పంజాబు కొండపల్లెల వరసలు పదింటిని పిల్లనగ్రోవి లాంటి వాద్యానికి కూర్చింది. 1952 నుంచి పన్నెండేళ్లు బెంజమిన్ బ్రిటెన్ అనే స్వరకర్తకు సహాయకురాలిగా ఆయన రచనల రాతప్రతులు సిద్ధం చేసింది. తండ్రి గుస్తావ్ హోల్స్ట్ జీవితచరిత్ర రాసింది. చాలాకాలం లోకం ఆమెను ఎలా గుర్తుపెట్టుకుందంటే, ఫలానా ఆయన కూతురు, ఫలానా ఆయన సహాయకురాలు. ఆమె సొంత రచనలు చివర్న ఎక్కడో వస్తాయి. కాకినాడ మేనకోడలికీ ఈ కూతురికీ పెద్ద దూరం లేదు.

మాంక్స్ గేట్ కథ చదివినప్పుడు నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. నందిగామ, జగ్గయ్యపేటల మధ్య మెట్ట ఊరు మాది. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ మా నోటికి ఇంకా కృష్ణా జిల్లానే. మిరప కోతల్లో, పత్తి తీతల్లో మా పెద్దమ్మ పాట లేకుండా చేను కదిలేది కాదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథ ఆమెకు కంఠతా. అందులో అత్త కోడల్ని తిట్టే ఘట్టం ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో అత్త తిట్లూ, తిరుపతమ్మ జవాబూ ఒకే వరసలో పాడేవాళ్లు. మా పెద్దమ్మ జవాబు దగ్గరకొచ్చేసరికి గొంతు దించేది. చరణం చివర అందరూ పైకెత్తే చోట ఎత్తకుండా కిందనే ఆపేది. ఒక్క క్షణం చేనంతా నిశ్శబ్దం. ఎందుకలా మార్చావని ఒకసారి అడిగాను. ‘‘తిట్టేదాని గొంతూ తిట్లు తినేదాని గొంతూ ఒకటేనంటే?’’ అంది.

సంగీత విమర్శలో ఇంతకంటే సూటి మాట నేను చదవలేదు. కథలో ఎవరి స్థానం ఏమిటో మాటలతో చెప్పకుండా వరసతో చెప్పడం, అదీ తెలిసి, ఎంచుకుని చెప్పడం. కొన్నేళ్ల తర్వాత ఒక పల్లెపాటల సంకలనంలో ఆ పాట అచ్చయింది. సేకర్తగారి పేరు, డిగ్రీలతో సహా, అట్ట మీద ఉంది. పాట కింద ‘నందిగామ ప్రాంతం’ అని ఉంది. మాటలు మాత్రమే వేశారు. గొంతు దిగిన చోట అచ్చులో ఏమీ లేదు. పెద్దమ్మ రచనలో ఆమెదైన భాగమే పుస్తకంలోకి రాలేదు. వచ్చిన భాగానికి ఊరి పేరు పెట్టారు.

ఇక్కడ అనసూయనూ సీతనూ కూడా ప్రశ్నించకుండా వదిలేయడం న్యాయం కాదు. చదువుకున్న బ్రాహ్మణ ఇంటి ఆడపిల్లలు వాళ్లు. చేలల్లో, కళ్లాల్లో కష్టపడే కులాల స్త్రీల పాటల్ని సభకెక్కించారు. అది ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ (1979)కి నాగభూషణంతో కలిసి సీత చేసిన సంగీతంలో ఆ సాహసం కొనసాగింది. కానీ ఆ పాటలు మొదట ఎవరి నోట పుట్టాయో ఆ ఆడవాళ్ల పేర్లు మన చరిత్రలో లేవు. కవి నీడలో స్వరకర్త, స్వరకర్త నీడలో కూలి చేసుకునే స్త్రీ. అనసూయకు జరిగిన అన్యాయం గురించి మాట్లాడుతూ మెట్టు కింద ఉన్నదాన్ని మర్చిపోతే, మనమూ ఆ సంకలనకర్త చేసిన పనే చేస్తాం.

జానపదం సమష్టి సొత్తు కదా, ఒక్కరి పేరెందుకు అంటారు పండితులు. మా ప్రాంతంలో ఒక ఆచారం ఉంది. రెండేళ్లకోసారి తిరుపతమ్మ, గోపయ్యల కొయ్య విగ్రహాలను రంగులు వేయించడానికి పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేట ఊరేగింపుగా తీసుకొస్తారు. దేవత అందరిదీ. కానీ ఈసారి రంగు వేసిన చెయ్యి ఎవరిదో జగ్గయ్యపేటలో తెలుసు. సమష్టి సొత్తు కావడానికీ కర్త ఉండటానికీ పేచీ లేదు. పాట అందరిదీ అయినా ఆ చోట గొంతు దించింది ఒక్కతే.

సాహిత్యంలో ఈ పని మనం కొంత చేశాం. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని కావ్యాన్ని కోతలు లేకుండా అచ్చేయించింది. 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ పోరాటంలోని స్త్రీలను వాళ్ల పేర్లతో, వాళ్ల మాటల్లో మన ముందు నిలబెట్టింది. రాసినవాళ్లను, పోరాడినవాళ్లను వెతికాం. వరస కట్టినవాళ్లను వెతకడం ఇంకా మిగిలే ఉంది. అది కష్టమైన పని కూడా. మాట కాగితం మీద దొరుకుతుంది, వరస మనిషితో పోతుంది.

ఈ వ్యాసం కోసం పెద్దమ్మ పేరు రాయనా అని అడిగాను. ‘‘నా పేరు రాయమాకే. కోడళ్లు నవ్వుద్దురు’’ అంది. తర్వాత కొంచెంసేపాగి, ‘‘వరస మాత్రం సరిగ్గా రాసుకో, అక్కడ ఎత్తమాకని చెప్పు’’ అంది. పేరు లేకుండా చేయడం వేరు, పేరు వద్దనడం వేరు. మొదటిది ఇంకొకరు చేసిన పని, రెండోది ఆమె నిర్ణయం. ఆ వద్దనడం వెనక ఏ భయం ఉందో మనకు తెలియనిది కాదు. అయినా నిర్ణయం ఆమెదే కాబట్టి ఇక్కడ ఆ పేరు రాయడం లేదు. నా నోటుబుక్కులో ఉంది. పేరు, ఊరు, ఏ చేలో పాడింది, గొంతు ఎక్కడ దించింది, అన్నీ ఉన్నాయి. అచ్చులోకి ఎప్పుడు రావాలో ఆమె చెబుతుంది.

చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేని పేర్లు మాత్రం ఇవాళే చెప్పుకోవచ్చు. వచ్చే ఆగస్టు పదిహేనుకి బడి మైకులో ‘రచన దేవులపల్లి కృష్ణశాస్త్రి’ అన్న తర్వాత, ‘వరస వింజమూరి అనసూయ’ అనడానికి మూడు సెకన్లు పడుతుంది.